వేరే దేశం వెళ్లేముందు మన కాగితాలన్నీ సిద్ధం చేసిపెట్టే సర్వీసు: వాడాక నా రివ్యూ

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, బాగా ఆలోచించే ఇస్తున్నాను. పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే ఇందులో ఒక ఫిర్యాదు కూడా ఉంది, అది వాళ్లకే నేరుగా చెప్పేశాను. పైగా ఈ పని చేసేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు కాబట్టి, మీరు ఎవరి దగ్గరికి వెళ్లినా ఏం అడగాలి, ఏం చూసుకోవాలి అన్నది తెలిస్తే చాలు.

వాళ్లు చేసేది ఏంటంటే, మన సర్టిఫికెట్లు తీసుకుని, వెళ్లబోయే దేశం ఏమేం అడుగుతుందో చూసి, నోటరీ, అపోస్టిల్ (కాగితం మీది సంతకం, సీలు అసలైనవేనని వేరే దేశంలో నమ్మేందుకు వేసే ముద్ర) లేదా ఎంబసీ అటెస్టేషన్, ట్రాన్స్‌లేషన్ అన్నీ చేయించి స్కాన్ కాపీలతో సహా తిరిగి ఇస్తారు. వీసా జోలికి వెళ్లరు. ఆ విషయం మొదటే చెప్పేశారు, అది నాకు నచ్చింది.

ఇంకా బాగా నచ్చింది పేర్ల విషయంలో వాళ్ల పట్టుదల. ఫీజు మాట కూడా ఎత్తకముందే పాస్‌పోర్టు తెరవమని, ఫొటో పేజీ అడుగున ఉండే రెండు వరుసల కోడ్ చూపించారు. ఒక్కో వరుసలో 44 అక్షరాలు, మధ్యమధ్యలో బాణం మొనల్లాంటి గుర్తులు ఉంటాయి చూడండి, అదే. పై వరుసలో దేశం కోడ్ అయ్యాక ముందు ఇంటిపేరు, తర్వాత పక్కపక్కనే రెండు గుర్తులు, ఆ తర్వాత మన పేరు. మెషిన్ చదివేది దీన్నే, వెళ్లిన చోట ఆఫీసుల్లో మన పేరు ఇలాగే ఎక్కే అవకాశం ఎక్కువ, కాబట్టి మిగతా కాగితాలన్నీ దీంతో పోల్చి చూద్దాం అని చెప్పి బర్త్ సర్టిఫికెట్, మ్యారేజ్ సర్టిఫికెట్, డిగ్రీ, మార్కుల లిస్టులు అన్నీ బల్ల మీద పరిచి అక్షరం అక్షరం చదివారు. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో మా ఆవిడ పేరులో ఒక 'హెచ్' తక్కువుంది, ఇన్నేళ్లలో ఎవరూ పట్టుకోలేదు. అఫిడవిట్‌తో సరిపెట్టేయొచ్చు కదా అంటే, కొన్ని దేశాల్లో ఒప్పుకుంటారు, కొన్నిట్లో ఒప్పుకోరు, టైముంది కాబట్టి సర్టిఫికెట్ ఇచ్చిన ఆఫీసులోనే సరిచేయించి కొత్త కాపీ తీసుకోండి, ఆ తర్వాతే ముద్రల పని మొదలుపెడదాం అన్నారు. ముద్రలన్నీ పడ్డాక తప్పు బయటపడితే మళ్లీ మొదటినుంచీ తిరగాలి. కేవలం ఈ ఒక్క సలహాకే నేను కట్టిన ఫీజు గిట్టుబాటైంది.

అపోస్టిల్ గురించి చాలామందిలో ఒక అపోహ ఉంది కాబట్టి చెప్తున్నాను. ఇది 1961 అక్టోబర్ 5 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం ఇచ్చే ధ్రువీకరణ, 1965 నుంచి అమల్లో ఉంది, ఇప్పుడు 120కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. దాని మీద 10 నంబర్లు వేసి వివరాలు ఉంటాయి. అవన్నీ కలిపి చెప్పేది ఒక్కటే, ఈ సంతకం ఫలానావాళ్లది, ఫలానా హోదాలో పెట్టారు, ఈ సీలు ఫలానా ఆఫీసుది అని. లోపల రాసింది నిజమని అది ఎక్కడా చెప్పదు. అందుకే అపోస్టిల్ పడింది కదా ఇంక ఎవరూ ఏమీ అడగరు అనుకోకూడదు, డిగ్రీకి అక్కడ గుర్తింపు ఉందా లేదా అన్నది పూర్తిగా వేరే పని.

ఇంకోటి, ఈ అపోస్టిల్ చెల్లాలంటే కాగితం ఇచ్చిన దేశం, తీసుకునే దేశం రెండూ ఒప్పందంలో ఉండాలి, ఒకటి చేరినప్పుడు రెండోది అభ్యంతరం చెప్పి ఉండకూడదు. లేకపోతే విదేశాంగ శాఖ, ఆ తర్వాత ఎంబసీ అంటూ పెద్ద తతంగం. ఈ జాబితా మారుతూ ఉంటుంది. చైనాలో 2023 నవంబర్ 7 నుంచి, కెనడాలో 2024 జనవరి 11 నుంచి ఈ ఒప్పందం అమల్లోకి వచ్చింది, అంటే అంతకుముందు వెళ్లినవాళ్లు చెప్పే ఎంబసీ కష్టాలు విని ఇప్పుడు అదే దారి పట్టుకుంటే డబ్బు, టైము రెండూ దండగ కావచ్చు. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్యైతే జననం, వివాహం లాంటి పత్రాలకు 2019 ఫిబ్రవరి నుంచి అపోస్టిల్ కూడా అడగకూడదు. మా సర్వీసు వాళ్లు నా ఎదురుగానే ఈ ఒప్పందాన్ని చూసుకునే సంస్థ హేగ్ కాన్ఫరెన్స్ వెబ్‌సైట్ తెరిచి, మేం వెళ్లే దేశం పేరు, అమలు తేదీ చూపించి అప్పుడు పని మొదలుపెట్టారు. మీ ఏజెంట్ నోటిమాటగా "అన్నిటికీ ఎంబసీ స్టాంపు కావాలండీ" అంటే, ఎక్కడ రాసుందో చూపించమని అడగండి, మొహమాటపడకండి.

ముద్ర ఉన్న కాగితాన్ని కొన్నిచోట్ల అసలు పత్రానికి పిన్ కొట్టి ఇస్తారు. స్కాన్ చేయడానికి ఆ పిన్ పీకితే చాలా ఆఫీసులు ఒప్పుకోవు. వీళ్లు పిన్ కదలకుండా పేజీని నెమ్మదిగా మడిచి స్కాన్ చేశారు, కలర్‌లో, 300 డీపీఐలో, వెనకవైపు సీళ్లతో సహా. కాకపోతే అన్నీ కలిపి ఒకే పెద్ద పీడీఎఫ్‌గా ఇచ్చారు, అప్‌లోడ్ చేసేచోట ఫైలు సైజుకి లిమిట్ ఉంటుంది కాబట్టి అది దేనికీ పనికిరాలేదు. అడిగితే విడగొట్టి ఇచ్చారనుకోండి.

ఇప్పుడు ఆ ఒక్క స్టారు సంగతి. ట్రాన్స్‌లేషన్‌లో పిల్లాడి పుట్టినరోజు తారుమారైంది. ఒరిజినల్‌లో 03/04 అని అంకెల్లో ఉంది, అంటే ఏప్రిల్ 3. అనువదించినవాళ్లు నెల ముందు, తేదీ వెనక చదివే పద్ధతిలో మార్చి 4 చేసేశారు. పాస్‌పోర్టులో ఒకటి, ఇందులో ఒకటి. నాకు పంపే ముందు వాళ్లలో ఒక్కరైనా సరిచూడాలి కదా, చూడలేదు, పైగా ఫోన్ చేస్తే మొదట "అది మా తప్పు కాదండీ, ఒరిజినల్ అలా ఉంది" అన్నారు. పేర్లు అంత శ్రద్ధగా చదివినవాళ్లు తేదీల దగ్గర ఇంత అలక్ష్యం ఎందుకు చేశారో నాకు అర్థం కాలేదు, నిజంగా బాధేసింది. ట్రాన్స్‌లేషన్ మీద స్టాంపు కూడా పడిపోయింది కాబట్టి అదంతా మళ్లీ చేయాల్సి వచ్చింది. ఖర్చు వాళ్లే భరించారు, టెన్షన్ మాత్రం మేమే పడ్డాం. మీరు ట్రాన్స్‌లేషన్‌కి ఇస్తుంటే ప్రతి తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయాలని ముందే చెప్పండి, స్టాంపు వేయకముందు డ్రాఫ్ట్ మీకు పంపించమనండి.

వాళ్ల లిస్టులో లేనివి కొన్ని మేమే చేసుకున్నాం. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాం. రోడ్డు ట్రాఫిక్ మీద దేశాలు చేసుకున్న 1949 ఒప్పందం ప్రకారం ఇచ్చేదైతే ఏడాది చెల్లుతుంది, 1968 ఒప్పందం ప్రకారం ఇచ్చేదైతే మూడేళ్ల వరకూ, ఏదైనా సరే ఒరిజినల్ లైసెన్సు పక్కన లేకపోతే దానికి విలువ లేదు. రోజూ వేసుకునే మందులకు డాక్టర్ దగ్గర చీటీ రాయించుకున్నాం, బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరుతో, ఎందుకంటే బ్రాండ్ పేర్లు దేశాన్నిబట్టి మారిపోతాయి. ఎల్లో ఫీవర్ టీకా అడిగే దేశమైతే వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 జూలై నుంచి అది జీవితాంతం చెల్లుతుంది కాబట్టి పాతది ఉంటే పారేయకండి. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి క్లెయిములు లేవన్న లెటరు, పిల్లల స్కూలు రికార్డులు కూడా ఇప్పుడే తీసుకోవాలి, వెళ్లాక ఫోన్ల మీద తెప్పించుకోవడం నరకం.

పోలీస్ క్లియరెన్స్ మాత్రం తొందరపడి ముందే తీసుకోకండి, చాలా దేశాలు కొన్ని నెలల్లోపు తీసుకున్నదే కావాలంటాయి. మధ్యలో ఇంకో దేశంలో ఉండి ఉంటే మాత్రం అక్కడినుంచీ అడగొచ్చు, దానికి టైము పడుతుంది, అది కనుక్కునే పని ముందే పెట్టుకోండి.

ఒంటరిగా, చిన్న కోర్సుకి వెళ్లేవాళ్లకి ఈ సర్వీసు అక్కర్లేదు, రెండు మూడు కాగితాలు సొంతంగా చేయించుకోవచ్చు. కుటుంబంతో వెళ్తూ, ఉద్యోగంలో సెలవు దొరకనివాళ్లకి మాత్రం గట్టిగా చెప్తాను, తీసుకోండి. ఒరిజినల్స్ చేతికిచ్చేటప్పుడు "సర్టిఫికెట్లు అందినవి" అని ఒక ముక్కలో రాసిచ్చే రసీదు ఒప్పుకోకండి, ఏ కాగితం, దాని నంబరు ఎంత, ఎన్ని పేజీలు అన్నది విడివిడిగా రాయించి సంతకం పెట్టించుకోండి. మాకు అడిగితే గానీ ఇవ్వలేదు.