ఎగరలేని పక్షుల కోసం న్యూజిలాండ్: ఏ ఊళ్ళో ఆగాలి, దేనికి డబ్బు పెట్టొచ్చు

కాకాపోని చూడాలని న్యూజిలాండ్ టికెట్లు కొనేవాళ్ళకి ముందుగా ఒక మాట. దాన్ని చూడలేరు. ఎగరలేని ఈ ఆకుపచ్చ చిలుక ఉండే వెనువా హో, యాంకర్ లాంటి దీవుల్లో అనుమతి లేకుండా ఎవరూ కాలు పెట్టకూడదు. టూర్లు ఉండవు, ఎంత డబ్బిచ్చినా కుదరదు. ఈ సంగతి తెలిసే వెళ్ళాను. ఆ దీవుల్ని మూసి ఉంచడమే సరైన పని అని అక్కడ తిరిగాక ఇంకా గట్టిగా అనిపించింది.

1995లో మిగిలిన కాకాపోలు 51. అవి ఏటా గుడ్లు పెట్టవు. రిము అనే చెట్టు రెండు నుంచి నాలుగేళ్ళకోసారి విరగకాస్తుంది, ఆ ఏడాదే ఇవి జతకడతాయి. మగపక్షి కొండగట్టు మీద గుంట చేసుకుని, ఛాతీ ఉబ్బించి, రాత్రంతా 'బూమ్' అని పిలుస్తుంది. ఆ పిలుపు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. జతకట్టాక మగదానికి ఇంక ఏ బాధ్యతా ఉండదు. పొదగడం, పిల్లల్ని పెంచడం అంతా తల్లిదే. మేతకి రాత్రిపూట గూడు వదిలి వెళ్ళక తప్పదు. ఆ కాసేపట్లో ఒక్క ఎలుక చాలు.

అందుకే రేంజర్లు ప్రతి పక్షికీ ట్రాన్స్‌మిటర్ కట్టి, ఏది దేనితో జతకట్టిందో కూడా లెక్క పెట్టుకుంటారు. గూటి నుంచి అసలు గుడ్లు తీసి ఇంక్యుబేటర్లో పెట్టి, తల్లి కింద డమ్మీ గుడ్లు ఉంచుతారు. మేత ఎక్కువ పెడితే తల్లులు బరువెక్కి మగపిల్లలే ఎక్కువ పుడుతున్నాయని గమనించి, బరువు చూసి మేత ఇచ్చే పద్ధతికి మారారు. 2019లో 70కి పైగా పిల్లలు గూడు దాటి బయటికొచ్చాయి. అదే ఏడాది ఊపిరితిత్తులకి ఫంగస్ సోకి 9 పక్షులు చనిపోయాయి. 2022 నాటికి సంఖ్య 252కి చేరింది. ఇన్నేళ్ళు ఇంత కష్టపడి కాపాడుకున్న చోటికి నాలాంటి టూరిస్టు బూట్లతో ఏ రోగాన్నో మోసుకెళ్ళకూడదు కదా!

2023లో కొన్ని మగ కాకాపోల్ని నార్త్ ఐలాండ్‌లో కంచె కట్టిన మౌంగాటౌటరి కొండకి తెచ్చారు. వాటిలో కొన్ని చెట్లెక్కి కంచె దాటేశాయి. ఆ అభయారణ్యంలోకి మనం వెళ్ళొచ్చు. అయితే కాకాపో కనిపిస్తుందన్న ఆశతో మాత్రం వెళ్ళకండి.

మరి ఏం చూడొచ్చు? నన్నడిగితే మొదట టె అనౌ ఊరు. క్వీన్స్‌టౌన్ నుంచి కారులో రెండు గంటల పైచిలుకు. సరస్సు ఒడ్డున ప్రభుత్వం నడిపే పక్షి కేంద్రం ఉంది. ఊళ్ళోంచి నడిచి వెళ్ళొచ్చు, టికెట్ లేదు. మీకు తోచినంత విరాళం వేయొచ్చు. అక్కడ టాకాహే అనే ఎగరలేని పక్షి అడుగుల దూరంలో కనిపిస్తుంది. మన చెరువుల్లో తిరిగే నీలి రంగు నీటికోడికి ఇది దగ్గరి బంధువే, కాకపోతే మూడు కిలోల దాకా తూగుతుంది. లావుపాటి ఎర్రటి ముక్కు, వెలుతురు మారేకొద్దీ నీలంలోంచి ఆకుపచ్చలోకి తిరిగే ఈకలు. గడ్డి కాడని ఒక కాలితో పట్టుకుని, మొదట్లోని మెత్తటి భాగం మాత్రం తిని మిగతాది పడేస్తుంది. ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది.

1898 తర్వాత ఎవరికీ కనిపించక, టాకాహే అంతరించిందనే అనుకున్నారు. 1948 నవంబర్ 20న జెఫ్రీ ఆర్బెల్ అనే డాక్టరు అదే సరస్సుకి పశ్చిమాన ఉన్న మర్చిసన్ పర్వతాల్లో మళ్ళీ కనిపెట్టాడు. ఒడ్డున నిలబడితే ఆ కొండలు ఎదురుగానే ఉంటాయి. చూస్తుంటే నాకు మన కడప జిల్లా కలివికోడి గుర్తొచ్చింది. అదీ ఇక లేదనుకున్నాక 1986లో రెడ్డిపల్లి దగ్గర దొరికిన పక్షే. టాకాహే దొరకగానే ఆ కొండల్లో చాలా భాగాన్ని జనానికి మూసేశారు. 1985 నుంచి దగ్గర్లోని బర్‌వుడ్ కేంద్రంలో వాటిని పెంచుతున్నారు. ఒకప్పుడు పిల్లలు మనుషులకి అలవాటు పడకూడదని తల్లి తల ఆకారంలో తోలుబొమ్మ చేసి దానితో మేత తినిపించేవాళ్ళు. ఇప్పుడు పక్షి తల్లిదండ్రులకే అప్పగిస్తున్నారు. ఏ గడ్డి ఎలా తినాలో వాటి దగ్గరే బాగా నేర్చుకుంటాయట. 2007లో స్టోట్లు విజృంభించి ఆ కొండల్లోని టాకాహేల్లో సగాన్ని పొట్టన పెట్టుకున్నాయి. స్టోట్ అంటే ముంగిస లాంటి చిన్న వేట జంతువు. కుందేళ్ళని తగ్గించడానికి 19వ శతాబ్దంలో మనుషులే తెచ్చి వదిలారు. ఇంత జరిగినా ఇప్పుడు టాకాహేలు ఐదొందల దరిదాపుల్లో ఉన్నాయి.

టె అనౌలో బసల గురించి. వంటగది ఉన్న మోటెల్ తీసుకోండి. శాకాహారులకి బయట పిజ్జా, చిప్స్ తప్ప పెద్దగా దొరకవు. ఊళ్ళో సూపర్‌మార్కెట్ ఉంది కాబట్టి అన్నం, పప్పు వండుకోవచ్చు. మేం దిగిన చోట మొదటి రాత్రి హీటర్ పనిచేయలేదు, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. పిల్లలతో చాలా ఇబ్బంది పడ్డాం. వేసవిలో కూడా అక్కడ రాత్రుళ్ళు చలేస్తుంది. గదిలోకి వెళ్ళగానే హీటర్ వేసి చూసుకోండి.

డబ్బు పెట్టి చూడాల్సినది ఫ్రాంజ్ జోసెఫ్‌లోని వెస్ట్ కోస్ట్ వైల్డ్‌లైఫ్ సెంటర్. టె అనౌ నుంచి దూరం ఎక్కువ, మధ్యలో వానాకా అనే ఊళ్ళో ఒక రాత్రి ఆగితే హాయిగా ఉంటుంది. మామూలు టికెట్‌తో చీకటి గదిలో కివీ పక్షుల్ని చూడొచ్చు, ఫోటోలు తీయనివ్వరు. ఇంకొంచెం ఎక్కువ కట్టి బ్యాక్‌స్టేజ్ పాస్ తీసుకుంటే ఇంక్యుబేటర్లు, పిల్లల్ని పెంచే గది చూపిస్తారు. నా ఓటు దానికే. కివీ గుడ్డు తల్లి బరువులో దాదాపు ఐదో వంతు ఉంటుంది. పిల్ల పూర్తి ఈకలతో పుడుతుంది. మొదటి కొన్ని రోజులు కడుపులో మిగిలిన పచ్చసొనతోనే గడిపేస్తుంది, తల్లిదండ్రులు తినిపించరు. అడవిలో కాపలా లేని చోట నూటికి ఐదు పిల్లలే పెద్దవవుతాయి, మిగతావాటిలో ఎక్కువ భాగం స్టోట్ల పాలే. అందుకే గుడ్లు తెచ్చి పొదిగించి, శత్రువుల్లేని చోట కిలో బరువు వచ్చేదాకా పెంచి, అప్పుడు అడవిలో వదులుతారు. ఆ బరువొస్తే స్టోట్‌ని ఎదిరించగలవు. కివీల్లోకెల్లా అరుదైన రోవీ 1990లలో 160 దాకా పడిపోయి, ఈ పద్ధతితోనే మళ్ళీ బాగా పెరిగింది. ఇంక్యుబేటర్లో గుడ్డు కదలడం చూస్తూ మా అమ్మాయి అక్కడి నుంచి రానంది.

అడవిలో స్వేచ్ఛగా తిరిగే కివీ కావాలంటే స్టూవర్ట్ ఐలాండ్. బ్లఫ్ నుంచి ఫెర్రీలో గంట, సముద్రం బాగా ఎగరేస్తుంది. వాంతుల మాత్ర ముందే వేసుకోండి. ఉన్నది ఒబన్ అనే ఒకే ఊరు, గదులు తక్కువ, ధర ఎక్కువ. రాత్రి టూర్ కూడా ఖరీదే, పైగా చాలాసేపు చీకట్లో నడవాలి. చిన్నపిల్లలకీ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకీ వద్దంటాను. మేం వెళ్ళిన రాత్రి ఒక కివీ ఇసుకలో పురుగుల్ని ఏరుకుంటూ మమ్మల్ని పట్టించుకోకుండా దాటిపోయింది. ఎర్ర లైటు తప్ప వేయనివ్వలేదు, మాట్లాడనివ్వలేదు. గైడ్ అంత కచ్చితంగా ఉండటం నాకు నచ్చింది. పక్కనే ఉల్వా దీవికి పడవెక్కే ముందు బ్యాగులు తెరిచి ఎలుకలు, విత్తనాలు లేవని చూసుకోవాలి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎలుక చేరితే దీవి మొత్తానికి ముప్పే.

అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి వెల్లింగ్టన్‌లోని జీలాండియా అభయారణ్యం సుఖం. నగరంలోనే 225 హెక్టార్ల లోయ, చుట్టూ 8.6 కిలోమీటర్ల కంచె. పగలు టాకాహే, రాత్రి టూర్‌లో చిన్న చుక్కల కివీ కనిపించే అవకాశం ఉంది. బాటలు బాగుంటాయి, హోటల్‌కి తిరిగి రావడం తేలిక.

మనవాళ్ళకి మరో సంగతి. ఎయిర్‌పోర్టులో ఆవకాయ, పొడులు, నెయ్యి ఏదున్నా ఫారంలో రాసి చూపించండి. దాస్తే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. మట్టి అంటిన బూట్ల సంగతీ చెప్పాలి. అధికారులు కడగమంటే విసుక్కోకండి.

వెళ్ళడానికి నవంబర్ మంచిది. కివీ గుడ్లు పొదిగే కాలం, టాకాహే పిల్లలు బయటికొచ్చే కాలం రెండూ కలుస్తాయి. డిసెంబర్ మధ్య నుంచి అక్కడి బడి సెలవులు, గదుల ధరలు బాగా పెరుగుతాయి. స్టూవర్ట్ ఐలాండ్ కివీ టూర్‌కి మాత్రం విమానం టికెట్లతో పాటే బుక్ చేసుకోండి. వాతావరణం బాగోక రద్దయినా ఇంకో అవకాశం ఉండేలా ఒబన్‌లో రెండు రాత్రులు పెట్టుకోండి.