ఉప్పాడ జాందానీ చీర: ఏడు నెలలు కట్టాక నా అనుభవం

ముందు నా పాత చీర సంగతి చెప్పాలి, ఎందుకంటే అది పాడవకపోతే ఈ చీర కొనేదాన్ని కాదు.

మాఘంలో మా పెళ్లి. పెళ్లి బట్టలకి అమ్మ, నేను వెళ్లినప్పుడు టౌన్‌లో ఒక షాపులో ఉప్పాడ జాందానీ అని చెప్పి 9,800 రూపాయలకి ఒక చీర ఇచ్చారు. నెమలికంఠం రంగు, ఒళ్లంతా చిన్న చిన్న జరీ బుటాలు, చూడగానే నచ్చేసింది. అత్తగారింట్లో సత్యనారాయణ వ్రతానికి అదే కట్టుకున్నాను. వ్రతం అయ్యాక పీట మీద నుంచి లేస్తుంటే కుచ్చిళ్ల లోపలి దారం ఒకటి కాలి మట్టెకి పట్టుకుంది. మట్టెలు పెట్టుకుని అప్పటికి నాలుగు రోజులు, ఎలా నడవాలో కూడా ఇంకా అలవాటు కాలేదు. నేను గమనించకుండా అడుగు వేశాను, జానెడు జరీ దారం ఊడి బయటికి వచ్చేసింది, దాంతో పాటు మూడు బుటాలు పోయాయి. చుట్టాలందరి ముందూ ఏడుపు ఆపుకున్నాను కానీ గదిలోకి వెళ్లాక ఆగలేదు.

అత్తయ్యగారు వచ్చి చీర తిరగేసి చూపించారు. వెనక వైపు ఒక బుటా నుంచి ఇంకో బుటాకి దారాలు వదులుగా వేలాడుతున్నాయి, కొన్ని చోట్ల కత్తిరించేసిన కొసలు గరుగ్గా చేతికి తగులుతున్నాయి. "ఇది చేత్తో వేసిన బుటా కాదమ్మా, మా పుట్టింటి వైపు మగ్గాలున్నాయి, మీ ఇద్దరూ ఒకరోజు వెళ్లి చూసి రండి" అన్నారు. ఆవిడ పుట్టిల్లు పిఠాపురం దగ్గర.

మా ఆయనది బ్యాంకు ఉద్యోగం, అందుకని జ్యేష్ఠమాసంలో ఒక రెండో శనివారం చూసుకుని అమలాపురం నుంచి బండి మీద పొద్దున్నే బయలుదేరాం. ఆదివారం అయితే మగ్గాలు ఆగి ఉంటాయేమో అని అత్తయ్యగారే శనివారం వెళ్లమన్నారు. ముమ్మిడివరం, మురమళ్ల మీదుగా ఎదుర్లంక వంతెన ఎక్కితే కింద గౌతమి, అవతలి ఒడ్డున యానాం. కాకినాడలో పెసరట్టు ఉప్మా తిని బీచ్ రోడ్డు పట్టుకున్నాం. ఉప్పాడ దగ్గరికి వచ్చేసరికి సముద్రం ఆ రోడ్డుని ఎంత కోసేసిందో కళ్లారా చూశాను. ఒడ్డున రాళ్లు పోసినా కెరటాలు వాటి మీదకి ఎగిరి పడుతున్నాయి. అలలు ఎక్కువున్న రోజు ఆ దారిలో వెళ్లొద్దు, పిఠాపురం మీదుగా కొత్తపల్లి వైపు రండి, కాస్త చుట్టు అయినా టెన్షన్ ఉండదు. ఎలాగూ పిఠాపురంలో పాదగయ దగ్గర కుక్కుటేశ్వరస్వామిని, పురుహూతికా అమ్మవారిని కూడా చూసుకోవచ్చు. మేం తిరుగు ప్రయాణంలో చూసుకున్నాం.

ఉప్పాడ, కొత్తపల్లి చుట్టుపక్కల షోరూమ్‌లు చాలా వచ్చాయి. మేం అక్కడ ఆగకుండా అత్తయ్యగారికి తెలిసిన ఒక నేతవారింటికి వెళ్లాం. ముందు గదిలోనే మగ్గం. నేలలో గుంట, ఆ గుంటలో కాళ్లు పెట్టి భార్యాభర్తలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. ఇంటావిడ నన్ను చూసి "రండమ్మా, కొత్త పెళ్లికూతురు లాగున్నారు, కూర్చోండి" అని మంచినీళ్లిచ్చారు. చీర చూపించమని మేం అడగకముందే ఆయన మగ్గం మీద బుటా ఎలా వేస్తారో చూపించారు.

ఈ ముక్క కొంచెం ఓపిగ్గా చదవండి, చీర కొనేటప్పుడు మీకు పనికొచ్చేది ఇదే. మామూలుగా నేతలో పడుగు నిలువు దారం, పేక అడ్డ దారం. నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకి పేకని తీసుకెళ్తుంది. జాందానీలో బుటా కోసం ఇంకో దారం ఉంటుంది, దాన్ని చిన్న కండెకి చుట్టి, బుటా ఉన్నంత మేరే పడుగులో చేత్తో దూర్చి అక్కడే వెనక్కి తిప్పుతారు. ఒక వరసలో ఇరవై బుటాలుంటే ఇరవై కండెలు. ఒక్కో వరసకీ ఆ ఇరవై కండెల్నీ చేత్తో దాటించి, తర్వాత నాడె వేసి, అచ్చు (పేకని దగ్గరికి నొక్కే దువ్వెన లాంటి చట్రం) కొట్టాలి. అందుకే బుటాకీ బుటాకీ మధ్య వెనక దారం పరుగెత్తదు. చీర తిరగేస్తే ముందు ఎలా ఉందో వెనకా దాదాపు అలాగే ఉంటుంది. నా మట్టెకి పట్టుకున్న చీరలో జరిగిందేమిటంటే, బుటా దారాన్ని చీర వెడల్పంతా తీసుకెళ్లి, వెనక వదులుగా వదిలేసి, కొన్ని చోట్ల కత్తెరతో కత్తిరించారు. అది వేగంగా అయిపోయే పద్ధతి, అలా చేసిన చీర అమ్మడంలో తప్పు లేదు, కానీ దాన్ని జాందానీ అని చెప్పి అమ్మడం తప్పు. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అంటే ఆ పేరు ఆ ఊళ్ల నేతకి చెందినది. నాకు ఇప్పటికీ ఆ షాపు మీద కోపం పోలేదు. వాళ్లని తర్వాత వెళ్లి అడిగితే "డిజైన్ ఒకటేనండి, తేడా ఏముంది" అన్నారు. తేడా నా మట్టెకి తెలిసింది.

ఇంకో విషయం. సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే చాలనుకుంటాం. ఆ లేబుల్ దారం నిజమైన పట్టు అని మాత్రమే చెబుతుంది. చేత్తో నేశారా, మిషన్ మీద నేశారా అనేది అది చెప్పదు, దానికి చేనేత గుర్తు వేరే ఉంది. రెండూ చూసుకుని, ఆ తర్వాత చీర తిరగేసి చూడండి. పట్టు మీద అనుమానం ఉంటే కొంగు చివర వదిలేసిన దారాల్లోంచి ఒకటి రెండు తీసి వెలిగించండి, పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. ఆ ఇంట్లో వాళ్లే అగ్గిపుల్ల ఇచ్చి చూసుకోమన్నారు.

ఆ రోజు ఏడు వేల నుంచి అరవై వేల పైన దాకా చీరలు చూపించారు. మాకు కుదిరింది 12,500. గంధం రంగు ఒళ్లు, మెరూన్ అంచు, ఒళ్లంతా మామిడి పిందె బుటాలు దూరం దూరంగా, కొంగు మాత్రం నిండుగా. ఇద్దరూ కూర్చుంటే ఆ చీరకి పదిహేను రోజులు పట్టిందన్నారు. మా ఆయన బేరం ఆడబోతే నేనే వద్దన్నాను. పదిహేను రోజులు ఇద్దరు మనుషుల పని, పట్టు, జరీ ఖర్చు లెక్క వేసుకుంటే వాళ్లకి మిగిలేది ఎంతో కళ్ల ముందే కనబడుతుంటే ఐదొందల కోసం నోరు రాలేదు. ఫోన్‌లో డబ్బు పంపాం. బిల్లు చేత్తో రాసిచ్చారు. మార్పిడి ఉండదని ముందే చెప్పారు, కాబట్టి చీర మొత్తం మడత విప్పించి, వెలుతురులో అటూ ఇటూ చూసుకునే తీసుకోండి.

ఇక కట్టుకున్న సంగతి. మొదటిసారి శ్రావణ శుక్రవారం, నా మొదటి వరలక్ష్మీ వ్రతం. ఆషాఢమంతా పుట్టింట్లో ఉండి వచ్చాను, అత్తగారింట్లో పెద్ద వంట చేయడం అదే మొదటిసారి. నాలుగింటికే లేచి పూర్ణం వండి, తోపు పిండి చూసుకుని బూరెలు వేశాను, గారెలు అత్తయ్యగారు వేశారు. అప్పటిదాకా పాత చీరతోనే ఉండి, పూజకి ఇది కట్టుకున్నాక పులిహోరలో పోపు కలపడం మర్చిపోయామని గుర్తొచ్చి వంటింట్లోకి పరుగెత్తాను. పసుపు వేసిన నూనె చిటపటలాడి కొంగు మీద నాలుగు చుక్కలు పడ్డాయి. నేను సబ్బు తీసుకోబోతే అత్తయ్యగారు చెయ్యి పట్టుకుని ఆపారు. పసుపు మీద సబ్బు పెడితే ఎర్రగా అయిపోతుంది, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేది అందుకే. ఆవిడ టాల్కం పౌడర్ మందంగా చల్లి రాత్రంతా వదిలేశారు, పొద్దున దులిపితే నూనె దాదాపు పోయింది. తర్వాత ఆ కొంగు వరకే రెండు రోజులు పొద్దుటి లేత ఎండలో పెట్టారు, పసుపు ఎండకి వెలిసిపోతుంది. డ్రైవాష్‌కి ఇచ్చి తెచ్చాక ఒక్క చుక్క మాత్రం, తెలిసి వెతికితే కనబడుతుంది. గంధం రంగు చీర కాబట్టి కలిసిపోయింది, తెల్ల చీర అయితే చెప్పలేను.

తర్వాత మా ఆడపడుచు నిశ్చితార్థానికి, దసరాకి, కార్తీకంలో ద్రాక్షారామానికి, మొన్న ఒక గృహప్రవేశానికి కట్టాను. మొత్తం ఐదుసార్లు. ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి లింగం రెండంతస్తుల ఎత్తు కదా, పైభాగం దర్శనానికి మెట్లెక్కి వెళ్లాలి. కార్తీక సోమవారం జనం, ఇరుకు మెట్లు, ఒక చేతిలో దీపాల పళ్లెం. దిగేటప్పుడు రెండు మెట్ల తర్వాత కుచ్చిళ్లు కాలికి అడ్డం పడ్డాయి, పాత చీర గుర్తొచ్చి గుండె గుభేలుమంది. కిందకి వచ్చాక గోడ పక్కన నిలబడి కుచ్చిళ్లు విప్పి లోపల చూసుకున్నాను. ఒక్క పోగు కదల్లేదు.

బరువు సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది. వంటింటి కాటా మీద పెడితే జాకెట్టు ముక్కతో కలిపి 400 గ్రాములు దాటలేదు. నిశ్చితార్థం రోజు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా ఒంటి మీదే ఉంది, మా కోనసీమ ఉక్కలో కూడా పెళ్లిపట్టు చీర కట్టినప్పటి ఆయాసం లేదు.

నచ్చనివీ ఉన్నాయి. తేలిక కాబట్టి గాలికి ఆగదు, బీచ్ దగ్గర కొంగు పట్టుకోవడంతోనే సరిపోయింది, పిన్నులు మామూలు కంటే రెండు ఎక్కువ పెట్టాలి. అదీ మడతల్లోనే పెట్టండి, ఒంటి పొర మీద పెడితే చిల్లు కనబడుతుంది. ఒళ్లు కొంచెం పల్చన, లంగా రంగు సరిగ్గా కుదరకపోతే తేడా తెలిసిపోతుంది, నేను రెండు లంగాలు మార్చాక గానీ కుదరలేదు. జాకెట్టు ముక్క చీరతో కలిసే వస్తుంది, అది కూడా పల్చనే, లైనింగ్ లేకుండా కుట్టించొద్దు. మగ్గం వర్క్ చేయిద్దామనుకున్నాను గానీ మా టైలరమ్మ ఆ బరువు ఈ గుడ్డ మోయదని చెప్పి, నా ఆది జాకెట్టు కొలతకి మోచేతి దాకా చేతులు పెట్టి, అంచు మాత్రం వేసి కుట్టారు. మంచి పని చేశారు. ఫాల్ కూడా నూలుదే వేయించండి, సింథటిక్ ఫాల్ వేస్తే కింద ముడుచుకుని వేలాడుతుంది, నేను ఒకసారి విప్పించి మళ్లీ వేయించాల్సి వచ్చింది.

దాచడం విషయంలో మన డెల్టా వాళ్లకి ఎక్కువ జాగ్రత్త కావాలి. వానాకాలంలో బీరువాలో కూడా చెమ్మ వస్తుంది, జరీ నల్లబడుతుంది. నేను మావయ్యగారి పాత నూలు పంచె ఉతికి ఆరబెట్టి అందులో చుట్టి పెడుతున్నాను, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టడం లేదు. కలరా ఉండలు చీరకి తగలకుండా బీరువా మూలలో గుడ్డలో కట్టి పెట్టాను. రెండు నెలలకోసారి మడత మార్చాలి, ఒకే మడత మీద ఉంటే అక్కడ జరీ విరుగుతుంది. కట్టి విప్పాక వెంటనే మడత పెట్టకుండా ఒక రాత్రి నీడలో ఆరేయండి.

రోజూ కట్టుకోవడానికి, ఆఫీసుకి అయితే ఈ డబ్బు పెట్టొద్దు, దానికి మా పక్కనే ఉన్న బండారులంక నూలు చీరలు చాలా హాయి, నాకు మూడున్నాయి. పండగలకి, పెళ్లిళ్లకి, తీర్థాలకి కట్టుకునే ఒక్క పట్టుచీర కావాలనుకునే కొత్త పెళ్లికూతుళ్లకి మాత్రం ఇదే కొనమంటాను. షోరూమ్‌లో కొన్నా, ఇంటి దగ్గర కొన్నా, మట్టెలు పెట్టుకుని వెళ్లండి, చీర చుట్టబెట్టుకుని కుచ్చిళ్లు పోసి అక్కడే పది అడుగులు నడిచి చూడండి. ఆ ఇంటావిడ నన్ను నడిపించి చూపించాకే మడత పెట్టి ఇచ్చారు.

సంక్రాంతికి మా అమ్మకి ఒకటి తీసుకుందామని మళ్లీ ఫోన్ చేశాను. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్ర అంచు చెప్పాను. ఇప్పుడే పడుగు వేస్తున్నామన్నారు, భోగికి నాలుగు రోజుల ముందు రమ్మన్నారు.