పదేళ్లు వాడాక సేజ్‌మ్యాథ్ గురించి

గణిత లెక్కలు చేసే సేజ్‌మ్యాథ్‌ను ఒక సాఫ్ట్‌వేర్ అనడం కంటే ఉమ్మడి కుటుంబం అనడం సబబు. 2005లో విలియం స్టైన్ దీన్ని మొదలుపెట్టినప్పుడే, ఉన్న మంచి ప్రోగ్రాములను మళ్లీ రాయకుండా పైథాన్‌తో ఒకచోట చేర్చాలని అనుకున్నారు. గ్రూపులకు (బీజగణితంలో ఒక రకం నిర్మాణాలు) గ్యాప్, సంఖ్యా సిద్ధాంతానికి పారి, బహుపద సమీకరణాలను తేలిక రూపంలోకి తెచ్చే గ్రోబ్నర్ బేసిస్‌కు సింగ్యులర్, ఇంటిగ్రేషన్‌కు మాక్సిమా. నాలుగూ సేజ్ కంటే వయసులో పెద్దవే.

పని సాఫీగా సాగినంతకాలం లోపల ఎవరు లెక్క చేస్తున్నారో పట్టించుకోలేదు. అతుకు మొదట ఇంటిగ్రేషన్ దగ్గర కనబడింది. మాక్సిమాను విడిగా వాడితే మధ్యలో ఆగి, "a ధనమా, ఋణమా?" అని అడుగుతుంది. మనం జవాబు టైప్ చేస్తే ముందుకు వెళ్తుంది. సేజ్‌లో ఆ ప్రశ్నే ఎర్రర్‌గా బయటికొస్తుంది. నా సూత్రమే తప్పనుకుని ఒక పూట పోగొట్టుకున్నాను. ముందుగా assume(a>0) అని రాస్తే చాలట! ఆ సలహా ఎర్రర్ మెసేజ్‌లోనే ఉంది, నేనే చివరిదాకా చదవలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది లిబ్‌గ్యాప్, అంటే గ్యాప్‌ను లైబ్రరీగా నేరుగా పిలిచే పద్ధతి, సంగతి. పాత పద్ధతిలో సేజ్ గ్యాప్‌కు టెక్స్ట్ పంపి, టెక్స్ట్‌గా వచ్చిన జవాబును మళ్లీ చదువుకునేది. ఒకటి రెండు ప్రశ్నలకు ఫర్వాలేదు కానీ, లూప్‌లో వేలసార్లు అడగాలంటే టెన్షనే. లిబ్‌గ్యాప్‌లో ఇద్దరూ ఒకే మెమరీలో ఉంటారు. దానికి మారాక రాత్రంతా నడిచే నా ప్రోగ్రాం నిమిషాల్లో తేలిపోయింది. సేజ్ కోసం మొదలైన ఆ పనిని తర్వాత గ్యాప్ బృందం తమ సిస్టంలోకే తీసుకుంది. ఇప్పుడు జూలియా అనే ప్రోగ్రామింగ్ భాషలోని ఆస్కార్ అనే మరో గణిత సిస్టం కూడా గ్యాప్‌ను ఆ దారిలోనే పిలుస్తోంది. గ్యాప్, సింగ్యులర్, పాలీమేక్, నెమో, హెకెలను కలిపిన ఆస్కార్ 2024లో 1.0కి చేరింది. పైకి పోటీదారుల్లా కనిపించే సేజ్, ఆస్కార్ రెండూ సంఖ్యలు, బహుపదుల లెక్కలను వేగంగా చేసే ఫ్లింట్ అనే లైబ్రరీ మీదే ఆధారపడతాయి. ఒక ఇంట్లో వేసిన దీపం పక్కింటికీ వెలుగిస్తోంది.

ఇబ్బందులూ ఉన్నాయి. సోర్స్ నుంచి బిల్డ్ చేస్తే గంటలు పడుతుంది. సిద్ధంగా ఉన్న ప్యాకేజీలు తెచ్చిపెట్టే కొండాతో ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టాక ఆ బాధ తగ్గింది. బగ్ దొరికితే అది ఎవరిదో తేల్చడమే సగం పని. ఒకసారి తప్పు జవాబు వచ్చిందని సేజ్ వాళ్లకు చెప్తే, లోపం అడుగునున్న ఒక లైబ్రరీలో ఉందని తేలింది. దాన్ని సేజ్‌లో కప్పిపుచ్చకుండా మూలంలోనే సరిచేయించారు. నా చేతికి అందేసరికి నెలలు పట్టింది, అయినా అదే సరైన పద్ధతి. ఆ లైబ్రరీని విడిగా వాడేవాళ్లకూ మేలు జరిగింది.

కేవలం గ్రూపుల మీద పనిచేసేవాళ్లకు నేరుగా గ్యాప్ చాలు. రెండు మూడు రంగాలు కలిసే లెక్కలకైతే సేజే నా ఎంపిక. ఇచ్చిన లెక్కలో ఏయే సిస్టంలు పనిచేశాయో చెప్పే get_systems అనే ఫంక్షన్ ఇందులో ఉంది. పేపర్ పంపేముందు దాన్ని నడిపి, వచ్చిన పేర్లన్నీ రాస్తాను.