గుజరాతిపేట గదిలో మూడేళ్లు: ఏవి నిలిచాయి, ఏవి ఊడాయి

శ్రీకాకుళం గుజరాతిపేటలో ఒక పాత డాబా ఇంటి వెనక గదిలో మేం ముగ్గురం అమ్మాయిలం డిగ్రీ మూడేళ్లూ ఉన్నాం. 2022లో దిగాం, 2025లో ఖాళీ చేశాం. గది పది అడుగులకి పన్నెండు. ఒకటే కిటికీ, అదీ తూర్పు వైపు. సున్నం వేసిన గోడలు, ఎర్ర గచ్చు, పైన స్లాబుకి రెండు ఉయ్యాల కొక్కేలు. దిగిన రోజే ఇంటి మామ్మగారు గుమ్మంలో నిలబడి చెప్పేశారు: "అమ్మలూ, గోడకి ఒక్క మేకు కొట్టినా అడ్వాన్సులో కోసీస్తాను. తర్వాత నన్నేటీ అనొద్దు."

గదిని సర్ది అందంగా చేసుకోవడానికి మేం తలా 500 వేసుకున్నాం. అంతకుమించి ఇంట్లో అడిగే పరిస్థితి ముగ్గురిలో ఎవరికీ లేదు. మొదటి రెండు నెలల్లో అయిన ఖర్చు 1,488 రూపాయలు. లెక్క పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో 748 రూపాయలు ఏడాది తిరక్కుండానే బూడిదలో పోసినట్టు అయ్యాయి. మిగిలిన 740 రూపాయల సామాన్లలో చాలావరకు మూడేళ్లూ మాతో ఉన్నాయి. కొత్తగా గది తీసుకుంటున్న పిల్లలు మొదట ఆ 748 సంగతి తెలుసుకోవాలి.

598 రూపాయలు పెట్టి గోడకి అంటించే స్టిక్కర్ రోల్స్ రెండు ఆన్‌లైన్‌లో తెప్పించాం. తెల్ల ఇటుకల డిజైన్. మంచం పక్క గోడంతా అంటించి ఫొటోలు దిగాం, ఆ సాయంత్రం గది నిజంగా బాగుంది. వానలు మొదలయ్యాక అక్కడక్కడ బుడగల్లా ఉబ్బింది. సెప్టెంబర్ నాటికి ఒక మూల ఊడి వేలాడింది. పట్టుకుని లాగితే వెనకాల నల్లటి బూజు, ముక్కిపోయిన వాసన. స్టిక్కర్‌తో పాటు అరచేతంత సున్నం పెచ్చులు కూడా వచ్చేశాయి.

తర్వాత ఒక ముసలి రంగుల మేస్త్రి చెబితే అర్థమైంది. సున్నం గోడ చెమ్మని పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. మన వైపు జూన్ నుంచి నవంబర్ దాకా వానలు, మధ్యలో తుపాన్లు. గోడలో చేరిన తడి బయటికి రావాలంటే దారి కావాలి. మేం దాని మీద ప్లాస్టిక్ పరిచి ఆ దారి మూసేశాం. కొత్త అపార్ట్‌మెంట్లలో పెయింట్ వేసిన ఆరిన గోడ మీద ఇవే స్టిక్కర్లు బాగానే ఉండొచ్చు. పాత సున్నం గోడకి మాత్రం వద్దు, ఎంత చవకగా వచ్చినా వద్దు.

మిగతా 150 జిగురు కొక్కేలకి పోయింది. సున్నం గోడని చేత్తో రాస్తే తెల్లటి పొడి అంటుతుంది కదా, జిగురు పట్టుకునేది ఆ పొడినే, గోడని కాదు. ఒక రాత్రి మూడు బ్యాగులూ ఒకేసారి దబ్బున పడ్డాయి. అలాంటి కొక్కేలే బాత్‌రూం టైల్స్ మీద మూడేళ్లూ కదల్లేదు, వాటికి తగిన చోటు అదేనన్నమాట.

గోడని నమ్ముకుంటే లాభం లేదని తేలాక పైకి చూశాం. ఉయ్యాల కొక్కేలు ఉన్నాయి, కిటికీ చువ్వలున్నాయి, తలుపు పైన వెంటిలేటర్ చువ్వ ఉంది. 60 రూపాయల నైలాన్ తాడు తెచ్చి కిటికీ నుంచి వెంటిలేటర్‌కి ఒకటి, కొక్కెం నుంచి కొక్కేనికి ఒకటి బిగించాం. మా గది అందమంతా ఆ రెండు తాళ్ల మీదే నడిచింది. ఫొటోలు బట్టల క్లిప్పులతో వేలాడదీశాం, పరీక్షల టైంటేబుల్ కూడా అక్కడే. చున్నీలు, బ్యాగులు కూడా ఆ తాడుకే. తాడు ఆర్నెల్లకోసారి వదులవుతుంది, మళ్లీ బిగించుకోవాలి. అంతకుమించి వంక పెట్టడానికి లేదు.

కర్టెన్‌కి కొత్త బట్ట కొనే డబ్బు లేదు. నేను ఇంటి నుంచి తాతయ్య పాత పొందూరు ఖద్దరు పంచె తెచ్చాను. ఆయన పోయాక నాయనమ్మ మడతపెట్టి పెట్టెలో దాచింది. అడగడానికి భయపడ్డాను గానీ, "పెట్టెలో ఉంటే చిమ్మెటలు తింటాయి, నీ కాడ ఉంటే నువ్వు చూసుకుంటావు" అని ఆవిడే ఇచ్చేసింది. చిన్నప్పుడు నాయనమ్మ పొందూరులో రాట్నం మీద నూలు వడికింది. పత్తిలో నలకలు తీసి శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకని దువ్వెనలా వాడతారని, సన్నటి పళ్లున్న ఆ ఎముకని నాకు చూపించింది కూడా. ఆ పంచెని తూర్పు కిటికీకి కట్టాక పొద్దున్న ఆరున్నరకి వచ్చే వెలుతురు చూడాలి. మిల్లు బట్టలో పోగులన్నీ ఒకేలా ఉంటాయి. ఇందులో ఒక పోగు కాస్త లావు, పక్కది వెంట్రుకంత సన్నం, మధ్యలో ఎక్కడో చిన్న ముడి. ఎండ వెనక నుంచి పడితే అవన్నీ విడివిడిగా కనిపిస్తాయి. గది మొత్తం పాల రంగులోకి మారేది. ఎండ కళ్లలో పొడిచేది కాదు, అలాగని చీకటీ అయ్యేది కాదు. ఆ కిటికీ కింద కూర్చుని నేను చదివినంత ఇంకెక్కడా చదవలేదు. మూడేళ్లలో నెలకోసారి ఉతికాం. అంచు ఒకచోట చిరిగితే కుట్టుకున్నాను. దీనికి పైసా ఖర్చు కాలేదు, గదిలో అన్నిటికంటే విలువైనదీ ఇదే.

ఇక రాత్రి వెలుతురు. మామ్మగారు ఇచ్చిన ట్యూబ్‌లైట్ చదువుకోవడానికి మంచిదే, కానీ ఒకరు చదువుతుంటే మిగతా ఇద్దరికీ నిద్ర పట్టేది కాదు. మార్కెట్లో మేదరుల దగ్గర 80 రూపాయలకి వెదురు బుట్ట ఒకటి కొన్నాం. దాన్ని బోర్లించి, అడుగున హోల్డర్ పట్టేంత కన్నం చేసి, 70 రూపాయల పసుపు రంగు ఎల్ఈడీ బల్బు పెట్టి, రెండో తాడుకి వేలాడదీశాం. హోల్డర్, వైరు, ప్లగ్గుకి 120 అయ్యింది. వైరు మేం కలపలేదు, కొన్న షాపు ఆయనే కలిపి ఇచ్చాడు. మీరూ అలాగే చేయించుకోండి. బల్బు మాత్రం ఎల్ఈడీయే ఉండాలి. పాత ఫిలమెంట్ బల్బులు బాగా వేడెక్కుతాయి, వెదురు పక్కన అవి ప్రమాదం. బుట్ట అల్లిక సందుల్లోంచి వెలుతురు గోడల మీద గళ్లు గళ్లుగా పడేది. ఏ బొమ్మా లేని గోడ మీద ఆ నీడలే బొమ్మలు. ఫ్యాన్ గాలికి బుట్ట ఊగితే అవీ మెల్లగా ఊగేవి.

అయితే ఏడాది దాటాక ఒక రోజు పొద్దున్నే దుప్పటి మీద పసుపులాంటి సన్నని పొడి. దులిపేస్తే మర్నాడు మళ్లీ. బుట్ట దించి చూస్తే బద్దల్లో గుండుసూది మొనంత కన్నాలు. పుచ్చు పట్టింది. ఎండలో పెట్టాం, వేపనూనె రాశాం, నెల తిరిగేసరికి మళ్లీ పొడి రాలింది. చివరికి అదే మేదరామె దగ్గరికి పట్టుకెళ్తే కోప్పడింది: "కొన్నప్పుడు అడగాలి కదేటమ్మా. వెదుర్లో తీపుంటాది, దానికే పురుగొస్తాది. నానబెట్టీస్తే ఆ తీపు పోతాది." రెండో బుట్ట 100 రూపాయలకి ఇచ్చి, వారం రోజులు నీళ్లలో ముంచి ఉంచమంది. బకెట్లో రాయి బరువు పెట్టి ముంచాం. మూడో రోజుకి నీళ్లు టీ రంగులోకి తిరిగి వాసన వేశాయి, రోజూ మార్చాల్సి వచ్చింది. తర్వాత నీడలో ఆరబెట్టి కట్టాం. ఖాళీ చేసేనాటికి ఏడాదిన్నర దాటింది, ఒక్క కన్నం పడలేదు. వెదురుది ఏది కొన్నా ముందు ఈ పని చెయ్యండి.

పుస్తకాలకి పళ్ల దుకాణాల్లో ఆపిల్ పెట్టెలు అడిగితే ఒక్కోటి 40 చొప్పున నాలుగు ఇచ్చారు. ఉప్పు కాగితంతో రుద్దకపోతే చేతుల్లో పేళ్లు గుచ్చుకుంటాయి, బయటికి పొడుచుకొచ్చిన మేకులు సుత్తితో వంచుకోవాలి. మూడింటిని ఇటుకల మీద నిలబెట్టాం, నాలుగోదాన్ని బద్ధకించి నేల మీదే వదిలేశాం. రెండో ఏడాది దాని అడుగు చెదలు తినేసింది, దాంతో పాటు మా ఫ్రెండ్ ఎకనామిక్స్ నోట్స్ కూడా. పాపం ఆ పిల్ల రెండు రోజులు ఏడ్చింది. ఇప్పుడైతే నేను పెట్టెల జోలికే వెళ్లను. మామ్మగారి పెరట్లో పడున్న ఇటుకలు, 250 రూపాయల చెక్క పలక ఒకటి, వీటితో కిటికీ కింద కట్టుకున్న అర చాలా మేలు. జిగురూ మేకులూ అక్కర్లేదు, విప్పితే మళ్లీ ఇటుకలూ పలకే.

స్టిక్కర్ ఊడిన గోడ గాయంలా కనిపిస్తూ చాలా కాలం బాధపెట్టింది. రెండో ఏడాది సంక్రాంతి ముందు మామ్మగారు అది చూసి, కోపం తెచ్చుకోకుండా, "మీరే సున్నం వేసీయండి, అడ్వాన్సు ముట్టుకోను" అన్నారు. సున్నం, జిగురు, నీలిమందు, బ్రష్ అన్నీ కలిపి 220 రూపాయలు. సున్నాన్ని ముందు రోజే నీళ్లలో వేసుకోవాలి. గుల్ల సున్నం నీళ్లలో పడగానే కుతకుతా ఉడుకుతుంది. దగ్గరికి వంగొద్దు, కళ్లలో పడితే చాలా ప్రమాదం. ప్లాస్టిక్ మగ్గు దగ్గర పెట్టుకోవద్దు, పాత ఇనప బకెట్టే మంచిది. రాత్రంతా వదిలేసి, పొద్దున్న గుడ్డలో వడగట్టి, కాస్త జిగురు, చిటికెడు నీలిమందు కలిపాం. తడిగా ఉన్నప్పుడు ఏమీ వేసినట్టే ఉండదు, ఇంకో పూత వెయ్యాలనిపిస్తుంది. తొందరపడొద్దు. ఆరాక తెల్లదనం దానంతటదే వస్తుంది.

మా ముగ్గురిలో ఒకమ్మాయి సీతంపేట వైపు సవర తెగ పిల్ల. వాళ్లింట్లోలా గోడ కింద అడుగున్నర ఎత్తున ఎర్రమట్టి పట్టీ వేద్దామంది. జేగురు తెచ్చి వేశాం. దాని మీద సవర బొమ్మలు వేస్తే బాగుంటుందని నేను ఫోన్‌లో ఫొటోలు వెతికి చూపించాను, ఎర్ర గోడ మీద తెల్ల పిండితో వేసే మనుషులు, చెట్లు, నెమళ్లు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వొద్దే. మా వాళ్లు అది అందం కోసం వెయ్యరు. ఇంట్లో ఎవరికైనా బాగోకపోతేనో, పోయిన పెద్దల పేరు మీదో వేసి పూజ చేస్తారు. ఊరికే వేస్తే నాకు బాగోదు" అంది. బట్ట మీదా కాగితం మీదా వేసి అమ్ముతున్నవి కొనుక్కోవచ్చట, అవి అమ్మడానికే వేసినవి. నాకు సిగ్గేసింది. ఆ పట్టీ మీద మా అమ్మ వేసే పద్మం ముగ్గు వేశాను, ఆమె పక్కన కూర్చుని చుక్కలు పెట్టింది. తెల్ల గోడ, ఎర్ర పట్టీ, ముగ్గు. గది ఊడ్చినా తడిగుడ్డ పెట్టినా మరకలు కనబడకుండా ఆ ఎరుపు దాచేస్తుంది. పల్లెటూళ్లలో అలా ఎందుకు వేస్తారో అప్పుడు తెలిసింది. నా మాట వింటే, గది తీసుకున్న మొదటి వారమే ఓనర్‌ని అడిగి ఈ పని చేసేసుకోండి. మిగతా ఏ అలంకారమూ లేకపోయినా సరిపోతుంది.

చిన్నాచితకా విషయాలు కొన్ని. సీరియల్ లైట్లు తమ్ముడిచ్చాడు, నాలుగు నెలల్లో సగం ఆరిపోయాయి. సీసాలో మనీప్లాంట్ బాగా పెరుగుతుంది గానీ నీళ్లు మార్చకపోతే దోమ పిల్లలు తయారవుతాయి, వారానికి రెండుసార్లు తప్పదు. వేసవి సెలవుల్లో మాది ఎండిపోయింది. అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత నేల మీద పరిస్తే సోఫా అవసరమే రాలేదు, ఎవరొచ్చినా దాని మీదే కూర్చునేవాళ్లు.

ఖాళీ చేసిన రోజు మామ్మగారు లైటు వేసి నాలుగు గోడలూ చూసి అడ్వాన్సు మొత్తం చేతిలో పెట్టారు. పంచె నేను తెచ్చుకున్నాను, బొంత మాలో మూడో అమ్మాయి, పలాస పిల్ల, పట్టుకెళ్లింది. మా తర్వాత దిగబోయే పిల్లలు గది చూడ్డానికి వచ్చి, "ఈ లైటు ఉంచేస్తారా అక్కా?" అని అడిగారు. బుట్ట, తాళ్లు, ఇటుకలు, పలక వాళ్లకే వదిలేశాం. నేల మీద చెక్కది ఏదీ పెట్టొద్దని, తాడు ఆర్నెల్లకోసారి బిగించుకోమని చెప్పి తాళం చేతికిచ్చాం.