100 గజాల్లో ఇల్లు: పక్క గోడ హద్దు మీదా, మూడడుగులు వదిలా?

"స్థలం 100 గజాలు. ముఖం 20 అడుగులు, లోతు 45. పక్క గోడలు హద్దు మీదికే లేపేద్దామా, ఏమైనా వదులుదామా?"

ఖమ్మంలో ఇళ్లు కట్టించే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు నెలకు రెండు మూడుసార్లు వస్తుంది. పోయిన నెల మా బావమరిది అడిగాడు. రెండేళ్ల కిందట నా సొంతింటికి పునాదులు తీసే ముందు నేనే ఓ వారం దీని మీద నిద్ర చెడగొట్టుకున్నాను. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

150 గజాలు ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి లేదు. ఇళ్ల నిర్మాణ నిబంధనల మీద 2012లో వచ్చిన 168వ జీవో ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో పక్కలా, వెనకా ఒక్కో మీటరు వదలాల్సిందే. 150 గజాలంటే 125 చదరపు మీటర్లు, కాబట్టి అక్కడ చర్చ లేదు. 100 గజాలంటే 84 చదరపు మీటర్లే. 100 చదరపు మీటర్ల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటకుండా, అంటే కింద ఒకటి, పైన ఒకటి కట్టుకుంటే ముందు మీటరున్నర వదలమంటుంది కానీ పక్కల సంగతి ఆ జీవో అడగదు. ఇంకా ఎత్తు లేపితే లెక్క వేరు. ఇక 75 గజాల లోపువాళ్లకు ఆన్‌లైన్‌లో ఇంటి అనుమతులిచ్చే టీఎస్ బీపాస్ వచ్చాక అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరిపోతుంది. అడిగేవాడు లేడు కదా అని కొందరు పునాదిని అడుగు మేర పక్క స్థలంలోకి పోనిస్తున్నారు. దాని సంగతి కింద చెబుతాను.

సరే, 20 అడుగుల ముఖంలో మనకున్న దారులు ఇవి. రెండు పక్కలా హద్దు మీదికే కట్టడం. రెండు పక్కలా అడుగున్నర చొప్పున వదలడం. ఒక పక్క మూసేసి రెండో పక్క మూడడుగులు వదలడం. పక్కింటివాళ్లతో కలిసి ఉమ్మడి గోడ వేసుకోవడం.

ఉమ్మడి గోడ గురించి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. అన్నదమ్ములు పంచుకున్న పాత ఇళ్లలో అది ఉంటుంది, దస్తావేజు హద్దుల్లో కూడా "ఉమ్మడి గోడ" అనే రాసి ఉంటుంది. ఉన్నదాన్ని కాపాడుకోండి. కొత్తగా మాత్రం వేసుకోకండి. రేపు ఒకరు పైకి లేపాలంటారు, ఇంకొకరు పడగొట్టి కట్టాలంటారు. ఇద్దరి శ్లాబులూ అదే గోడ మీద ఉంటే ఏదీ జరగదు. తరం మారాక అసలే జరగదు.

ఇక అడుగున్నర చొప్పున వదలడం. మధ్యేమార్గంలా కనిపిస్తుంది కాబట్టి ఎక్కువమంది దీని మీదే మొగ్గుతారు. లెక్క చూడండి. ముందు అయిదడుగులు పోతే ఇంటి పొడవు 40 అడుగులు. ఒక పక్క మూడడుగులు వదిలినా, రెండు పక్కలా అడుగున్నర వదిలినా పోయేది అదే 120 చదరపు అడుగులు, అంటే 10×12 గది ఒకటి. మొదటి పద్ధతిలో ఆ గది ఇచ్చి మనిషి నడిచే సందు కొనుక్కుంటాం. రెండో పద్ధతిలో పిల్లి నడిచే సందులు రెండు వస్తాయి. మధ్యలో ప్రహరీ కూడా వేస్తే అందులో నాలుగున్నర అంగుళాలు మళ్లీ గోడకే పోతాయి. చీపురు పట్టదు, నిచ్చెన నిలవదు, పైపు పగిలితే ప్లంబరు దూరడు. పక్కింటాయన కూడా అడుగున్నర వదిలి, ఇద్దరూ మధ్యలో ప్రహరీ మానేస్తే అప్పుడు బాగుంటుంది. అలాంటి పొరుగు దొరికితే అదృష్టవంతులే. నాకైతే ఇన్నేళ్లలో ఒక్కటే జంట తగిలింది, వాళ్లిద్దరూ వియ్యంకులు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

రెండు పక్కలా హద్దు మీదికి కడితే లోపల పద్దెనిమిదిన్నర అడుగుల వెడల్పు వస్తుంది. ఒక పక్క వదిలితే పదిహేనున్నర. కాగితం మీద చూస్తే మొదటిదే నెగ్గుతుంది. "మూడడుగులంటే గది పోయినట్టే కదా బావా" అని మా బావమరిది కూడా అందుకే అన్నాడు. కానీ పక్క గోడల్లో కిటికీలు లేని 40 అడుగుల ఇంట్లో నడిమి గదికి వెలుతురు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంటి మధ్యలో పైదాకా తెరిచిన ఓ డక్టు వదలాలి. బాత్‌రూమ్ పైపులు, వాన నీటి పైపులు, మురుగు లైను, చాంబర్లు అన్నీ ఇంటి లోపలి నుంచే పోవాలి. గదుల కింద నుంచి మురుగు లైను వేసి, అది పూడుకున్న రోజు టైల్స్ పగలగొట్టినవాళ్లను నేను చూశాను. పోనివ్వకూడదనుకున్న ఆ గదిలో సగం ఇలాగే పోతుంది.

కొందరు హద్దు మీది గోడకే కిటికీలు పెడతారు, పక్క స్థలం ఖాళీ కదా అని. ఆయన కట్టుకున్న రోజు అవి మూసుకుపోతాయి. పక్క స్థలం మీద దారి, వెలుతురు లాంటి హక్కుల గురించిన 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం కిటికీకి వెలుతురు హక్కు రావాలంటే అడ్డు లేకుండా 20 ఏళ్లు అనుభవించాలి. 20 ఏళ్లపాటు పక్క స్థలం ఖాళీగా ఉంటుందన్న ధీమాతో ఇల్లు కట్టలేం కదా.

పునాది సంగతీ చూడాలి. ఫుటింగ్ అంటే పిల్లర్ కింద వేసే కాంక్రీటు దిమ్మ. మామూలుగా పిల్లర్ ఫుటింగ్‌కు నడుమ ఉంటుంది. నాలుగున్నర అడుగుల ఫుటింగ్ అయితే పిల్లర్ మధ్య నుంచి రెండు వైపులా రెండుంబావు అడుగుల చొప్పున దాటుతుంది. హద్దు మీది పిల్లర్‌కు అవతలి సగం పక్కవాళ్ల భూమి. కాబట్టి ఫుటింగ్ మొత్తం మన వైపే వేయాలి, అప్పుడు బరువు ఓ అంచు మీద పడి ఫుటింగ్ ఒరిగిపోవాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి లోపలి పిల్లర్‌తో కలుపుతూ స్ట్రాప్ బీమ్ వేయాలి. ఇనుము పెరుగుతుంది, ఇంజనీరు డ్రాయింగ్ తప్పనిసరి. ఆ ఖర్చెందుకని మేస్త్రీ ఫుటింగ్‌ను అవతలికి పోనిస్తాడు. మట్టి కప్పేశాక ఎవరికీ కనిపించదు, పక్కాయన తన పునాది తవ్వేదాకా. ఆ రోజు వీధంతా వింటుంది. రెండు పక్కలా హద్దు మీదికి కడితే ఈ బాధ రెండు వరుసల పిల్లర్లకు, ఒక పక్క వదిలితే ఒక వరుసకే.

పక్కన పాత ఇల్లు ఉంటే ఇంకో టెన్షన్. వాళ్లది రెండడుగుల రాతి పునాది అయి, మీరు దాని పక్కనే అయిదారు అడుగులు ఏకబిగిన తవ్వితే ఆ గోడ కింద మట్టి జారుతుంది. నల్లరేగడి నేలలో, వానాకాలంలో అయితే చెప్పక్కర్లేదు. ఒక గుంట తవ్వి, ఫుటింగ్ వేసి, పూడ్చి, తర్వాతే దాని పక్క గుంట తవ్వాలి. పని పది రోజులు ఆలస్యమవుతుంది, కానివ్వండి.

ఇవన్నీ డబ్బుతో తీరేవి. డబ్బు పెట్టినా తీరనిది ఒకటుంది. నా దృష్టిలో తేల్చేది అదే: చెమ్మ.

మా అన్నయ్య ఇల్లు 2011లో నేనే కట్టించాను, రెండు పక్కలా హద్దు మీదికే. ఉత్తరం పక్క స్థలం అప్పటికి ఖాళీ. ఆఖరుకి డబ్బులు తగ్గి, బయటి పూత తర్వాత చూద్దాం లెమ్మన్నాం. ఏడాది తిరిగేసరికి ఆ పక్కవాళ్లూ హద్దు మీదికే కట్టారు. రెండిళ్ల మధ్య మూడంగుళాలు మిగిలింది. పూత లేని ఇటుక గోడ మీద నుంచి వాన నీరు అందులోకే దిగేది. మూడో వానాకాలానికి అమ్మ పడుకునే గదిలో మంచం ఎత్తు దాకా గోడ నల్లబడింది. లప్పం పొక్కి పెచ్చులూడింది. లోపలి వైపు రెండుసార్లు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించాం. వేసినంత మేర ఆగింది, దాని పక్కన పొక్కింది. నీళ్లు వచ్చేది అవతలి నుంచి, మందు పూసేది ఇవతల. పైనుంచి టార్చి వేసి చూస్తే ఆ సందులో ఎండుటాకులు, సిమెంటు సంచి, ఎవరిదో షటిల్ కాక్ కనిపించాయి. కనిపిస్తాయి గానీ చేయి అందదు. చివరికి అమ్మ ముందు గదిలోకి మారింది. కట్టించింది నేనే కాబట్టి ఎవరినీ అనలేకపోయాను.

అప్పటి నుంచి నేను చూసేది ఒక్కటే. వాన తగిలే ప్రతి గోడ ముఖానికీ తాపీ పట్టుకున్న మనిషి చేయి అందాలి. మనిషి నిలబడి, పరంజా కట్టి, పూత పూయాలంటే రెండున్నర నుంచి మూడడుగులు కావాలి. నేను చెప్పే మూడడుగులు అక్కడి నుంచి వచ్చినవే.

మరి మూసేసే ఆ ఒక్క పక్క మాటేమిటి? అక్కడ చేయి అందదు కాబట్టి వాన తగలకుండా చూడాలి. నా ఇంటికి దక్షిణం పక్కన అప్పటికే ఒక అంతస్తు ఇల్లు ఉంది, గోడ హద్దు మీదే. నేను ఆ వైపే మూశాను, రెండంగుళాల ఎడంతో. గోడ మూడడుగులు లేచినప్పుడల్లా మేస్త్రీ లోపలి నుంచి వంగి అవతలి ముఖానికి సిమెంటు పూశాడు. నున్నగా రాదు, ఇటుకల సందులైతే మూసుకుంటాయి. పై అంతస్తు గోడకు మాత్రం ఆ పక్కింటాయన డాబా మీద నిలబడి తీరుగా పూత పూయించాను, పెద్దాయన కాదనలేదు. రెండిళ్ల మధ్య ఎడం మీద రేకు వేసి, ఒక అంచు నా గోడలో దిగేసి సిమెంటుతో మూయించాను. ఇప్పటికి రెండు వానాకాలాలు దాటాయి, ఆ గది పొడిగానే ఉంది. ఆయన పైన అంతస్తు వేస్తే రేకు కూడా ఇంకో అంతస్తు పైకి ఎక్కాలి.

అసలు ఎడమే లేకుండా ఆనించి కట్టేయొచ్చు కదా అంటారు. 2024 డిసెంబర్ 4న ములుగు వైపు భూకంపం వస్తే ఖమ్మంలో మా ఇంట్లో ఫ్యాన్లు ఊగాయి. ఆనుకున్న ఇళ్లు అలాంటప్పుడు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఒకరి శ్లాబు ఇంకొకరి పిల్లర్ నడుముకు తగిలితే మరీ ప్రమాదం.

కాబట్టి మూసేది ఏ పక్క అంటే, ఇల్లు ఇప్పటికే ఉన్న పక్క. ఖాళీ స్థలం ఉన్న పక్క వదలండి, అక్కడ రేపు ఎవరొచ్చి ఏం కడతారో తెలియదు. తూర్పు ముఖం స్థలాల్లో దక్షిణం మూసి ఉత్తరం వదిలితే వాస్తు చెప్పేవాళ్లు కూడా పేచీ పెట్టరు. మేస్త్రీ, సిద్ధాంతి ఒకే మాట అనడం అరుదు, వాడుకోండి. వీధిలో అందరూ అలాగే కడితే ఒకరి దక్షిణం గోడ ఇంకొకరి ఉత్తరం సందులోకి చూస్తుంది, ప్రతి గోడకూ దారి ఉంటుంది. కాకపోతే ఆ దారి పక్కాయన చేతిలో ఉంటుంది. నా ఉత్తరం స్థలం ఆయన ఇంకా కట్టలేదు. కట్టినప్పుడు నా సందులో పరంజా వేసుకోమని, ఆ తర్వాత రంగులకూ రానిస్తానని ముందే చెప్పాను. మాటగా ఉంటే చాలదని స్టాంపు కాగితం మీద కూడా రాసుకున్నాం. రిజిస్టర్ చేయని కాగితం కోర్టులో ఎంత నిలుస్తుందో వకీలును అడగాలి గానీ, ఇళ్లు చేతులు మారినప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉండటం మంచిది.

ఇదంతా విని మా బావమరిది, "నువ్వు చెప్పింది బాగానే ఉంది బావా, కానీ మీ చెల్లెలు పద్దెనిమిది అడుగుల హాలు కావాలంటోంది" అన్నాడు. ఆదివారం స్థలం దగ్గరికి వస్తానన్నాను, టేపు తెస్తాను. వాళ్ల వెంచర్‌లో మూల ప్లాటు నుంచి ఒక్కొక్కరూ నాలుగైదు అంగుళాలు జరుపుకుంటూ వచ్చారని వినికిడి. వాడి 20 అడుగులు నేల మీద ఎన్నున్నాయో ముందు చూడాలి.