గుడిసె కొండకు మూడు థార్‌లు: దారి, బస, బండి

మారేడుమిల్లి అడవుల్లోని గుడిసె కొండ మీద సూర్యోదయం చూడాలనుకునే వారిలో చాలామంది అక్కడి అద్దె జీపు ఎక్కి వెళ్లి వస్తారు. అది సబబైన పనే. మేము మాత్రం సొంత బండ్లతో వెళ్లాం, ఎందుకంటే కొండ చూడాలన్న కోరికతో పాటు మా మిత్రబృందంలో ఏళ్ల తరబడి తెగని వాదన ఒకటి మమ్మల్ని అక్కడికి నడిపించింది. 2010లో మహీంద్రా తెచ్చిన జీపు తరహా బండి అయిన మొదటి తరం థార్‌ను నేటికీ వదలని పెద్దాయన ఒకరు మాలో ఉన్నారు, మేమంతా ఆయనను బాబాయ్ అని పిలుస్తాం. 2020 అక్టోబరు 2న అమ్మకానికి వచ్చిన మూడు తలుపుల థార్ నాది. 2024 ఆగస్టులో విడుదలైన ఐదు తలుపుల థార్ రాక్స్‌ను, అందులోనూ నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఫోర్ బై ఫోర్‌ను, కొనుక్కున్న మిత్రుడు మూడోవాడు. కొత్తగా దిద్దిన తరువాత బండి మెత్తబడిందని, నున్నబడిన కొద్దీ దాని దమ్ము తగ్గిందని బాబాయ్ వాదన. బండి ఎంత కుదిపితే అంత గట్టిదనుకోవడం అలవాటు వల్ల వచ్చిన భ్రమ అని నా అభిప్రాయం. ఈ వాదన గదిలో కూర్చుంటే తేలేది కాదు.

హైదరాబాదు నుంచి విజయవాడ మీదుగా రాజమహేంద్రవరం వరకు చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. రాక్స్ జాతీయ రహదారి మీద పెద్ద కారులాగే సాగింది, నా బండి దానికి కొంచెం వెనుకగా, కాస్త ఎక్కువ చప్పుడుతో వచ్చింది. బాబాయ్ మాత్రం తన 105 హార్స్‌పవర్ ఇంజనుకు తగిన వేగంలో, లారీల వెంట ఓపికగా నడిపించుకొచ్చారు. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు దగ్గరలోని ఒక మధ్యతరగతి హోటలులో దిగాం. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి, అన్నిటికన్నా ముఖ్యంగా ఎత్తైన బండ్లు పట్టే పార్కింగు ఆరుబయట ఉంది. నేలమాళిగ పార్కింగు ఉన్న హోటళ్లలో పైకప్పు మీద సామాను కట్టిన బండిని దించడం ఎంత తలనొప్పో ఈ బండ్లు ఉన్నవారికి తెలుసు, గది తీసుకునే ముందు ఆ సంగతి ఫోనులో అడగడం మంచిది.

అక్కడి నుంచి గోకవరం, రంపచోడవరం దాటితే మారేడుమిల్లి వస్తుంది. డీజిలు రంపచోడవరంలోనే నిండుగా పోయించుకోవాలన్నది నా సలహా, ఎందుకంటే లాగే బలం పెంచి వేగం తగ్గించే గేరైన లోరేంజ్‌లో కొండ ఎక్కేటప్పుడు మైలేజీ లెక్కలన్నీ తలకిందులవుతాయి. డబ్బు కూడా అక్కడే తీసుకుని ఉంచుకుంటే నయం. సెల్‌ఫోను సిగ్నలు మారేడుమిల్లి ఊళ్లో బాగానే ఉన్నా, ఊరు దాటగానే వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి దారి పటాలను ముందే ఫోనులో దించి పెట్టుకున్నాం.

బస విషయంలో మారేడుమిల్లిలో మూడు రకాల దారులున్నాయి. అటవీశాఖ ఆధ్వర్యంలో స్థానిక గిరిజనుల భాగస్వామ్యంతో నడిచే వనవిహారి కుటీరాలు మొదటిది, వలమూరు దగ్గర వాగు ఒడ్డున ఉన్న జంగిల్ స్టార్ శిబిరం రెండోది, ఈ మధ్య పెరిగిపోయిన ప్రైవేటు గుడారాలు, రిసార్టులు మూడోది. అటవీశాఖ కుటీరాల్లో హంగులు లేవు, కానీ దోమతెర ఉంది, పక్క పొడిగా ఉంది, రాత్రి నిశ్శబ్దంగా ఉంది. మన్యంలో మలేరియా భయం నిజమైనదే కాబట్టి దోమతెరను నేను విలాసాల కింద లెక్కవేయను. ఆ కుటీరాలు దొరకని రాత్రి మేము ఒక ప్రైవేటు గుడారాల శిబిరంలో ఉండవలసి వచ్చింది. ఫోటోల్లో కనిపించిన చలిమంట, దీపాల తోరణాలు ఉన్నాయి గాని, పరుపులు చెమ్మగా ఉన్నాయి, అందరికీ కలిపి రెండే మరుగుదొడ్లు ఉన్నాయి, పక్క గుంపు పాటల పెట్టె అర్ధరాత్రి దాటినా ఆగలేదు. తెల్లవారుజామున కొండ ఎక్కవలసిన వారికి నిద్ర కంటే ముఖ్యమైన సేవ లేదు, ఆ ఒక్కటీ అక్కడ దొరకలేదు. తిండికి మాత్రం లోటు లేదు. రోడ్డు పక్కన నిప్పుల మీద కాల్చే బొంగులో చికెన్‌కు కనీసం ముప్పావు గంట ముందు చెప్పుకోవాలి. ముందే కాల్చి పెట్టినది ఇస్తామన్న చోట కన్నా, మన ఎదుట పచ్చి బొంగులో కూరి ఆకుతో మూత బిగించిన చోట తినడం మేలు.

ఇక కొండ సంగతి. పుల్లంగి వైపు సాగే దారిలో కొంత మేరకు రోడ్డు బాగానే ఉంది, ఆ పైన కొండెక్కే చోట వానలకు కోసుకుపోయిన గాడులు, తేలిన రాళ్లు, ఎర్రమట్టి బురద వంతులవారీగా వస్తాయి. మేము వెళ్లింది కార్తీకంలో. ముందురోజు సాయంత్రం వాన పడింది కాబట్టి పరీక్షకు తగిన సరంజామా అంతా సిద్ధంగా ఉంది. మొదట టైర్ల గాలిని 20 పీఎస్ఐ దాకా తగ్గించాం. బండి ఏదైనా ఈ పని చేయకుండా రాళ్లబాట ఎక్కి, తరువాత బండిని తిట్టుకునే వారిని చాలామందిని చూశాను. గాలి తగ్గితే టైరు నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది, చిన్న రాళ్ల మీద ఎగరకుండా వాటిని చుట్టుకుని పోతుంది. దిగి వచ్చాక మళ్లీ గాలి పట్టడానికి చిన్న కంప్రెసర్ వెంట ఉండాలి.

వాదన తేలిన చోటు ఒక మలుపు తరువాత వచ్చింది. నీళ్లు దారికి అడ్డంగా ఏటవాలుగా కోసేయడం వల్ల, బండి ముందు కుడి చక్రం గుంతలో ఉన్నప్పుడే వెనుక ఎడమ చక్రం మరో గుంతలోకి దిగుతుంది, మిగిలిన రెండు చక్రాల మీదే బరువంతా పడుతుంది. బాబాయ్ బండి ముందుగా వెళ్లింది. ఆయనది వెనుక కమాన్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీలు, ఉన్న బండి. కమాను బరువు మోయడంలో గట్టిదే గాని, గుంతలోకి చక్రాన్ని జార్చి నేలను వెతికించే గుణం దానికి తక్కువ. అందుచేత వెనుక ఎడమ చక్రం గాలిలోనే ఉండిపోయి గిర్రున తిరగసాగింది. రెండు వెనుక చక్రాలకూ ఇంజను శక్తిని పంచే మామూలు డిఫరెన్షియల్ స్వభావమే అంత, ఏ చక్రానికి పట్టు లేదో అదే తిరిగిపోతుంది, పట్టు ఉన్న రెండో చక్రం ఊరికే నిలబడుతుంది. థార్‌కు వెనుక లాకర్ (రెండు చక్రాలనూ ఒకటిగా బిగించే అమరిక) వచ్చింది 2015 నాటి మార్పులతో, ఆయన బండి అంతకు ముందుది. ఆయన వెనక్కి జారి, గుంతలో రెండు రాళ్లు వేయించి, ఎడమకు జరిగి, రెండోసారి చక్కగా ఎక్కించారు. నలభై ఏళ్ల చేతి నేర్పు అది, దాన్ని తక్కువ చేయను.

తరువాత నా వంతు. 2020 నమూనాకు వెనుక కమాన్ల బదులు కాయిల్ స్ప్రింగులతో, ఇరుసును పలు కడ్డీలతో పట్టి ఉంచే మల్టీలింక్ అమరిక పెట్టారు కాబట్టి చక్రం మరింత కిందికి జారింది, అయినా పూర్తిగా ఆనలేదు. ఒక్క క్షణం అది ఎర్రమట్టిని వెనక్కి చిమ్ముతూ తిరిగింది, వెంటనే లోపల ‘టక్’మని ఒక చప్పుడు, రెండు చక్రాలూ ఒకటిగా బిగుసుకున్నాయి, బండి మెల్లగా పైకి లేచింది. రెండు చక్రాల వేగాల మధ్య తేడా ఒక మోతాదు దాటగానే తనంతట తానే బిగిసే మెకానికల్ లాకర్ చేసిన పని అది. రాక్స్‌లో అదే పనికి మీట ఉంది. మిత్రుడు గుంతకు ముందే మీట నొక్కి లాకర్ వేసుకున్నాడు, చక్రం తిరిగే అవసరమే లేకుండా, లోపల కూర్చున్న పిల్లలకు గుంత వచ్చిన సంగతి సగమే తెలిసేలా దాటించాడు. ‘ఇంత సుఖంగా ఎక్కితే అది ఎక్కడమేనా’ అని బాబాయ్ సణిగారు గాని, బండి ఎక్కలేదని అనలేకపోయారు.

అయితే కొత్తది ప్రతిచోటా గెలిచిందని రాయడం అబద్ధం అవుతుంది. మూడు తలుపుల థార్ చక్రాల మధ్య నిడివి 2450 మి.మీ., రాక్స్‌ది 2850 మి.మీ. ఈ నాలుగు వందల మిల్లీమీటర్ల వల్ల, దిబ్బ నెత్తి మీద కడుపు ఆనకుండా దాటగల కోణం 27 డిగ్రీల నుంచి 23.9 డిగ్రీలకు తగ్గింది. పైకి వెళ్లే చోట దారి మధ్యలో పడుకున్న బండరాయిని నా బండి నేరుగా దాటితే, రాక్స్ ఒక చక్రాన్ని రాయి మీదికి ఎక్కించి పక్కగా వెళ్లవలసి వచ్చింది, దానికి కిందికి దిగి చేయి చూపించే మనిషి కావలసి వచ్చాడు. కొండ మలుపుల్లో కూడా పొడవు తెలుస్తుంది. లోపలి వెనుక చక్రాన్ని బిగించి బండిని ఇరుకులో తిప్పే సదుపాయం రాక్స్‌లో ఉంది, అది మట్టిలో నిజంగానే పనిచేస్తుంది, కాకపోతే తిరిగిన చోట నేలను దున్ని పెడుతుంది. ఇంకోవైపు, పాత బండికి తోక బాధ ఎక్కువ. గుంత నుంచి లేచేటప్పుడు వెనుక భాగం ఆనకుండా ఉండే కోణం దానికి 27 డిగ్రీలైతే, 2020 నమూనాకు 36.8 డిగ్రీలు. బాబాయ్ బండి వెనుక బంపరు కింద ఉన్న గీతలు ఏళ్లుగా ఈ తేడా వల్లే పడుతున్నాయి.

ఇదంతా మేము చర్చించుకుంటూ ఉండగా, పదిమందికి పైగా కూర్చున్న ఒక పాత కమాండర్ జీపు మా పక్క నుంచి అరుచుకుంటూ ఎక్కిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు దాని డ్రైవరును టీ దగ్గర పలకరించి లాకరు గురించి అడిగితే, ‘అయ్యన్నీ మాకెందుకండీ, ఏ రాయి ఎక్కడుందో తెలుసు కదండీ’ అన్నాడు. ఔత్సాహికులం ఈ మాటను గుర్తుంచుకోవాలి. లాకరు, కోణాలు, కాయిల్ స్ప్రింగులు ముఖ్యంగా దారి తెలియని వాడికి పనికివస్తాయి, అతనిలా ఆ దారిలోనే బతికేవాడికి అంతగా అక్కర్లేదు.

కొండ మీద మబ్బులు లోయను నింపేసిన దృశ్యం గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నిజంగానే బాగుంటుంది. నాకు కోపం తెప్పించినది మరొకటి. బండి తీసుకెళ్లిన వారు కొందరు దారి విడిచి గడ్డి వాలు మీద చక్కర్లు కొట్టి చాళ్లు పడేస్తున్నారు. తడి గడ్డి మీద పడిన చాలు మరుసటి వానకు నీటికాలువ అవుతుంది. కొండెక్కగల బండి ఉన్నంత మాత్రాన కొండంతా మనది కాదు. మేము దారి అంచునే బండ్లు ఆపి నడిచాం.

దిగేటప్పుడు నా బండి టైరు పక్కగోడను ఒక పదునైన రాయి కోసింది. మేకు దిగిన పంక్చరైతే మారేడుమిల్లిలో క్షణాల్లో వేస్తారు, పక్కగోడ చీలికకు మాత్రం స్టెప్నీ తప్ప మందు లేదు. నా 18 అంగుళాల కొలత టైరు మన్యంలో వెతికినా దొరకలేదు, రాజమహేంద్రవరం వెళ్లవలసిందేనన్నారు. ఆ పంక్చరు షాపు కుర్రవాడు స్టెప్నీ బిగించి, మిగతా మూడు చక్రాల నట్లు కూడా చూసి, తీసుకున్నది చాలా కొద్ది. ఈ విషయంలో పాత బండి 16 అంగుళాల చక్రాలదే పైచేయి. పైగా రాక్స్ ఖరీదైన రకాల్లో వచ్చే 19 అంగుళాల టైరు పక్కగోడ ఎత్తు దాదాపు 153 మి.మీ., నా దానిది 166 మి.మీ. చూడటానికి పెద్ద చక్రం అందమే గాని, రాళ్లబాటకు వెళ్లదలచినవారు 18 అంగుళాల చక్రాలున్న రకాన్నే ఎంచుకోవడం తెలివైన పని. మరమ్మతు సంగతీ ఇంచుమించు ఇంతే. బాబాయ్ బండిని రంపచోడవరంలో ఏ మెకానిక్ అయినా బానెట్ ఎత్తి విప్పగలడు, రాక్స్ కంప్యూటరుకు ఏదైనా అయితే పట్నం షోరూము దాకా పోవాలి. గట్టిదనమంటే విరగకపోవడమే కాదు, విరిగితే అక్కడికక్కడ బాగుపడటం కూడా అని బాబాయ్ అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు.

తిరుగుప్రయాణానికి చింతూరు, భద్రాచలం దారి పట్టాం. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్ అందంగా, ఇరుకుగా, మలుపుల మయంగా ఉంటుంది, వానాకాలంలో చెట్లు, మట్టిపెళ్లలు రోడ్డు మీద పడుతుంటాయి, పగటిపూటే దిగాలి. ఇక్కడ మూడు తలుపుల బండి వెనుక సీటు కష్టం తెలిసింది. ముందు సీటు వంచి వెనక్కి దూరడం పెద్దవయసు వారికి శిక్షే, సామానుకు చోటు కూడా లేదు. రాక్స్‌లో 447 లీటర్ల డిక్కీ ఉంది కాబట్టి మా అందరి సంచులూ చివరికి దానిలోకే చేరాయి. దాని లేత రంగు సీట్లు మాత్రం ఎర్రమట్టి కాళ్లకు బలైపోయాయి, ఇలాంటి బండికి ఆ రంగు ఎందుకు ఎంచారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పై కప్పు విప్పే వీలు రాక్స్‌లో లేకపోవడాన్ని మిత్రుడు కూడా లోటుగానే చెప్పాడు.

బాబాయ్ తన బండిని అమ్మే ప్రసక్తే లేదంటున్నారు. కాకపోతే ఖమ్మం దాటాక తాళంచెవి వాళ్లబ్బాయి చేతికిచ్చి, నడుము పట్టేసిందని చెప్పి, సూర్యాపేట మీదుగా హైదరాబాదు దాకా రాక్స్ ముందు సీటులోనే కూర్చున్నారు.