ఆగస్టు 15 ఢిల్లీ ప్యాకేజీల్లో ‘ఎర్రకోట విఐపి పాసు’ కొనేవారికి హెచ్చరిక

స్వాతంత్ర్య దినోత్సవానికి అనంతపురం నుంచి ఢిల్లీ వెళ్లాలనుకునేవారు, ముఖ్యంగా ఇంట్లోని పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లేవారు, డబ్బు కట్టే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. మన ఊళ్లోని ఒక ట్రావెల్ ఏజెన్సీ, రానుపోను కర్ణాటక ఎక్స్‌ప్రెస్ టికెట్లు, హోటల్ గది, 14న ఎర్రకోట లోపలి సందర్శన, 15 ఉదయం కోట ముందు ‘విఐపి సీటు’, ఆ తర్వాత పంజాబ్‌లోని అటారీ సరిహద్దు కవాతు అని చెప్పి మాకు ప్యాకేజీ అమ్మింది. రైలు, హోటల్ విషయంలో మాట తప్పలేదు. మేము ఏ వేడుక కోసం అంత దూరం వెళ్లామో అక్కడే మోసం జరిగింది.

పాసుకు మనిషికి 2,500 రూపాయలు విడిగా తీసుకున్నారు. ముందురోజు రాత్రి చేతికిచ్చిన ఆ అట్టముక్కపై మూడు రంగుల అంచు, అశోక చక్రం, ఒక క్రమసంఖ్య ఉన్నాయి గానీ మా పేర్లు లేవు. తెల్లవారుజామున బారికేడ్ దగ్గర పోలీసు అధికారి నాన్నగారి పాసును, నా పాసును పక్కపక్కన పెట్టి చూశారు. రెండింటి మీదా ఒకటే సంఖ్య. మమ్మల్ని మర్యాదగానే వెనక్కి పంపారు. 2016లో రాష్ట్రస్థాయి వేడుక అనంతపురంలో జరిగినప్పటి నుంచి, ఎర్రకోటపై జెండా ఎగరడం ఒక్కసారైనా కళ్లారా చూడాలని అంటూ వచ్చిన నాన్నగారు, 21 ఫిరంగుల మోతను మూసిన దుకాణాల ముందు నిలబడి వినవలసి వచ్చింది. డబ్బు పోయినదానికంటే నాకు ఇదే ఎక్కువ బాధ కలిగించింది.

నిజానికి ఆ వేడుకకు ఆహ్వానపత్రం ఉండాలి, లేదా రక్షణ శాఖ ‘ఆమంత్రణ్’ వెబ్‌సైటులో గుర్తింపు కార్డు వివరాలిచ్చి టికెట్ కొనుక్కోవాలి. 2025లో ఆ టికెట్ల ధరలు 20, 100, 500 రూపాయలు మాత్రమే. అమ్మకం వేడుకకు కాస్త ముందు మొదలవుతుంది కాబట్టి, నెలల ముందే ‘సీటు ఖాయం’ అనే ఏజెంటు తన చేతిలో లేనిదాన్ని అమ్ముతున్నట్లే. భద్రతా ఏర్పాట్ల కోసం ఆగస్టు 15కు ముందు కోటలోకి సందర్శకులను రానివ్వరు. ఆ సంగతి తెలిసిన ఏ నిర్వాహకుడూ 14న లోపలి సందర్శన అని కార్యక్రమంలో రాయడు. అటారీలో కూర్చోవడానికి కూడా మా దగ్గర సీటుకింత అని వసూలు చేశారు. అక్కడ ప్రవేశం ఉచితం, సరిహద్దు భద్రతా దళం వెబ్‌సైటులో ఎవరికి వారే పేరు నమోదు చేసుకోవచ్చు.

అసలైన టికెట్‌తో వెళ్లేవారు సంచులు, కెమెరాలు, గొడుగులు, నీళ్ల సీసాలు గదిలోనే వదిలి వెళ్లాలి. కోట చుట్టుపక్కల రోడ్లు వేకువనే మూసేస్తారు, అయితే మెట్రో ఆ రోజు నాలుగింటికే మొదలవుతుంది. టికెట్ దొరకనివారు నిరాశపడనక్కరలేదు: ఆ సాయంత్రం పాత ఢిల్లీ మిద్దెల మీద ఊరంతా గాలిపటాలు ఎగరేస్తుంది, దానికి ఏ పాసూ అక్కరలేదు. ఆ రోజు నాన్నగారి ముఖంలో నవ్వు కనిపించింది అక్కడే.

తిరిగి వచ్చాక ఏజెన్సీవాళ్లను అడిగితే, “సెక్యూరిటీవాళ్లు పంపకపోతే మేమేం చేస్తాం సార్?” అన్నారు. రసీదులో ‘ఇతర ఖర్చులు’ అని రాసి ఉండటంతో పాసు సొమ్మును రుజువు చేయడం కష్టమైంది. వాట్సాప్‌లో వాళ్లు పంపిన కరపత్రమే మాకు ఆధారంగా మిగిలింది. కనుక ప్రతి అంశానికీ విడివిడిగా ధర రాయించుకోండి, సందేశాలు చెరిపేయకండి. ఇప్పటికే మోసపోయినవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మన ఊళ్లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్లలోపు, ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. మేము ఫిర్యాదు దాఖలు చేశాము. అదే ఏజెన్సీ వచ్చే ఆగస్టుకు మళ్లీ బుకింగులు తీసుకుంటోంది.